నలభై ఒకటో రాయి

మా వదిన ఉదయం తొమ్మిదింటికి రిజిస్టరులో సంతకం పెట్టి కొండదారి పట్టింది. పన్నెండింటికల్లా వచ్చేస్తానంది. ఒంటిగంటన్నర అయినా రాలేదు. ఆవిడ భోజనం డబ్బా బల్ల మీద అలాగే ఉంది, దాని పక్కనే ఫోను. పూలు చూడ్డానికి పోయే మనిషికి ఫోనెందుకని ఏనాడూ వెంట తీసుకెళ్లదు. ముప్పై ఏళ్లు లెక్కల టీచరుగా చేసిన మనిషి. చెప్పిన వేళకి అయిదు నిమిషాలు ముందుంటుందే గాని వెనక ఉండదు.

అయినా అప్పటికి నాకు భయం వెయ్యలేదు, కోపమే వచ్చింది. నాకు ముందు కోపమే వస్తుంది, తక్కినవన్నీ దాని వెనకాల నిదానంగా వస్తాయి.

సముద్రం పక్కన కొండల అంచు వెంబడి నడకదారి ఉంది. రెండు వందల అంగలకొకటి చొప్పున అంకెలు వేసిన రాళ్లు పాతారు. ఇరవయ్యో రాయి దగ్గర, బస్సు ఆగేచోట, ఒక్క గది ఆఫీసు. అందులో ఒక బల్ల, రెండు కుర్చీలు, గోడకి ఆటుపోట్ల పట్టిక, నేను. దారి మీదికి వెళ్లేవాళ్లు పేరు, వేళ, ఎన్నో రాయిదాకా వెళ్తున్నారో రాసి వెళ్లాలి. తిరిగొచ్చాక కొట్టెయ్యాలి. అందరూ నన్ను రిజిస్టరమ్మ అంటారు. నేను లేనప్పుడు ఇంకేమంటారో కూడా నాకు తెలుసు.

రిజిస్టరు కాక అక్కడ ఇంకో పుస్తకం ఉంది, పూల పుస్తకం. వసంతం మొదలవగానే ఏ పువ్వు ఎక్కడ పూసిందో, మొదట ఎవరు చూశారో అందులో రాసుకుంటాం. ఉప్పుగాలికి నేలనంటుకుని దిండులా పూసే గులాబీరంగు పూలు, రాళ్ల సందుల్లో తలలూపే పసుపు గంటలు, వీటికి దాపరికం లేదు. దాపరికమంతా నీలికన్నుకే. గోరంత పువ్వు. ఏడాదికి పన్నెండు రోజులుంటే ఎక్కువ. దాన్ని వేళ్లతో సహా పెకలించుకుపోయే దొంగలున్నారు. అందుకని పూలు వెతికే మావాళ్లలో ఒక కట్టుబాటుంది. నీలికన్ను ఉన్న చోటు రాసేటప్పుడు అసలు రాయికి మూడు కలిపి రాయాలి. పుస్తకంలో పది అని ఉంటే ఏడో రాయి దగ్గర వెతకాలన్నమాట. రిజిస్టరు కూడా బల్ల మీద తెరిచే ఉంటుంది కనక, నీలికన్ను కోసం వెళ్లేవాళ్లు అందులోనూ ఆ దొంగ అంకే వేస్తారు. అది తప్పని నాకు తెలుసు. మనుషుల్ని వెతకడానికి పెట్టిన రిజిస్టరులో దొంగ అంకె ఏమిటని అడగాల్సినదాన్ని నేనే. చూసీ చూడనట్టు ఊరుకున్నాను.

ఒంటిగంటా నలభైకి దారి మేస్త్రీ వచ్చాడు. మెట్లూ కంచెలూ బాగుచేసే మనిషి, నెమ్మదస్తుడు. ఆ రోజు మాత్రం మోకాళ్లదాకా బురదతో, రొప్పుతూ వచ్చాడు.

"అమ్మా, ముప్పై ఎనిమిది దగ్గర అంచు కూలిపోయింది. రాత్రి వానకి నాని పొద్దునెప్పుడో జారినట్టుంది, మట్టి ఇంకా పచ్చిగానే ఉంది. ముప్పై ఆరు మలుపులోంచే చూసి వెనక్కొచ్చా. తాడూ బోర్డూ కావాలి. అటెవరన్నా వెళ్లారా?"

రిజిస్టరు ముందుకు లాక్కున్నాను. పొద్దుట్నించీ వెళ్లింది పదకొండు మంది. పదిమంది తిరిగొచ్చి గీత కొట్టారు. మిగిలింది ఒక్కటే. గుండ్రటి దస్తూరీ, ఎక్కడా కొట్టివేతలు లేవు. నలభై ఒకటి.

మేస్త్రీ నా భుజం మీదుగా చదివి ఊపిరి పీల్చుకున్నాడు. "టీచరుగారా! నలభై ఒకటికైతే పర్లేదు, కూలకముందే దాటిపోయుంటారు. తిరిగొద్దామంటే దారి లేక అటే చిక్కుకునుంటారు. పడవకి చెప్తా, అక్కడ కిందికి దిగే మెట్లున్నాయిగా, ఎక్కించుకుంటారు."

నడుముకున్న వాకీటాకీ తీశాడు. కాపుదల పడవ నడిపేది మా ఆయన. వదినకి స్వయానా తమ్ముడు. "నలభై ఒకటే కదా? బయల్దేరుతున్నా," అన్న మాట గరగరల్లోంచి వినిపించింది.

నేను దొంగకి తేలు కుట్టినట్టు నిలబడ్డాను. ఎందుకంటే ఆ నలభై ఒకటి నేను రాసిన అబద్ధం.

నాలుగేళ్ల కిందటి మాట. అంతకుముందు పదకొండు వసంతాలు నీలికన్నుని మొదట చూసింది మా వదినే. ఆడబిడ్డ అర్ధమొగుడన్నారు, మా వదిన ముప్పాతిక. నా వంటకి మార్కులు వేసేది. నేను రాసిన పూల పుస్తకాన్ని ఎర్ర పెన్నుతో దిద్దేది. "రేకులు అయిదు కాదు మరదలా, ఆరు. మళ్లీ లెక్కపెట్టు," అని పదిమందిలో అనేది. ఆ ఏడాది నలభై నాలుగో రాయి దగ్గర, బండరాయి వెనకాల, ఎవరూ చూడని నీలికన్నుల గుంపొకటి నాకు కనిపించింది. ఇరవైదాకా ఉన్నాయి. నా అంతట నేను కనిపెట్టింది నా జన్మలో అదొక్కటే. కట్టుబాటు ప్రకారం నలభై ఏడని రాయాలి. పెన్ను పట్టుకున్నాను గాని, వదిన రేపే వెళ్లి పూలు లెక్కపెట్టి నా అంకె దిద్దుతుందని గుర్తొచ్చింది. చెయ్యి ఆగలేదు. నలభై ఒకటని రాశాను. మూడు తీసుకుని ముప్పై ఎనిమిది దగ్గర వెతుక్కోమను, అక్కడ గడ్డి తప్ప ఏమీ లేదనుకున్నాను.

ఆవిడ వెళ్లింది. సాయంత్రం తిరిగొచ్చి, "చూశానే, బాగున్నాయి," అంది. నాకు లోపల్లోపల ఎంత నవ్వొచ్చిందో చెప్పలేను. కనపడలేదని ఒప్పుకోవడం ఈవిడకి చేతకాదనుకున్నాను. అప్పట్నించీ ఏటా అంతే. రెండు నీళ్ల సీసాలు సంచిలో వేసుకుని, రిజిస్టరులో నలభై ఒకటని రాసి వెళ్లేది. తిరిగొచ్చి బాగున్నాయనేది. ఒక్క మనిషికి రెండు సీసాలెందుకు, వెనకాల ఒంటె ఏమన్నా వస్తోందా అని వెక్కిరించేదాన్ని. చెప్పేద్దామని ఒకటి రెండుసార్లు అనిపించింది. ముదిరిన అబద్ధం ముదిరిన ముల్లులాంటిది, పీకాలంటే చర్మం కొయ్యాలి. ఊరుకున్నాను.

ఇప్పుడా అంచు కూలింది.

అప్పుడే, ఆ గదిలోనే, మేస్త్రీ చేతిలో వాకీటాకీ ఉండగానే చెప్పాలి. నాలుగు మాటలు. నోరు తెరిచాను కూడా. కానీ వచ్చింది, "నేనూ వస్తాను పద," అని మాత్రమే. ముందు నేను వెళ్లి చూస్తాను, ఏమీ జరిగి ఉండదు, ఎవరికీ చెప్పాల్సిన పనుండదు. ఆ నిమిషంలో నేనాలోచించింది వదిన ప్రాణం గురించి కాదు, నా పరువు గురించి. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాస్తున్నాను.

గది తాళం వేసేముందు గోడమీద పట్టిక చూశాను. నిండు పోటు మూడూ ఇరవైకి. ముప్పై ఎనిమిది కింద ఇసుక లేదు, ఒక రాతి గట్టు ఉంది. పోటు వేళకి అది మునిగిపోతుంది.

మేస్త్రీ ముందు, నేను వెనక. తాడు చుట్ట అతని భుజాన, హెచ్చరిక బోర్డు నా చంకలో. ఇరవై రెండు, ఇరవై మూడు. దారికి అటూ ఇటూ గులాబీ దిండ్లు విరగబూసి ఉన్నాయి. మరో రోజయితే ప్రతి రాయి దగ్గరా ఆగి చూసేదాన్ని. ఇప్పుడు తొక్కుకుంటూ పోయాను. ఇరవై ఏడు దగ్గర మేస్త్రీ వెనక్కి తిరిగి, "అంత పరుగెందుకమ్మా? పడవ వెళ్తోందిగా," అన్నాడు. నేను ఇంకా అంగ పెంచాను. జవాబు చెప్పడానికి ఊపిరి లేదని అతను అనుకుని ఉంటాడు.

ముప్పయ్యో రాయి ఎత్తు మీద ఉంటుంది. అక్కణ్నించి ముందున్న తీరమంతా కనిపిస్తుంది. ముప్పై ఎనిమిది దగ్గర కొండ చెంప ఎవరో కొరికినట్టు ఎర్రగా ఊడి ఉంది. దాని అవతల సముద్రంలోకి పొడుచుకొచ్చిన రాతి ముక్కు, ఆ ముక్కుకి అవతల నలభై ఒకటి. మా ఆయన పడవ తెల్లటి గీత గీసుకుంటూ ఆ ఎర్ర గాయం ముందునించే పోతోంది. ఒడ్డుకి దూరంగా, లోతున్న చోట, తలైనా తిప్పకుండా. ఇంకాసేపట్లో ముక్కు దాటుతుంది. దాటితే ఇటుపక్క ఎవరు చెయ్యి ఊపినా కనిపించదు, అరిచినా వినిపించదు, కొండ అడ్డొచ్చి వాకీటాకీలో మాట కూడా అందదు. అక్కడ మెట్లెక్కి, వెతికి, లేదని తెలుసుకుని, తిరిగొచ్చేసరికి నిండు పోటు.

పై ప్రాణాలు పైనే పోయాయి.

"అది ఇలా ఇవ్వు," అని మేస్త్రీ చేతిలోంచి వాకీటాకీ లాక్కున్నాను.

"ఏవండీ, నేనే. పడవ వెనక్కి తిప్పండి. వదిన నలభై ఒకటి దగ్గర లేదు. ముప్పై ఎనిమిది."

"రిజిస్టరులో నలభై ఒకటనేగా ఉంది? అక్క అంకె తప్పు రాయదు."

"ఆవిడ తప్పు రాయలేదు. నేను రాశాను."

గరగర. "అర్థం కాలేదు. మళ్లీ చెప్పు."

మళ్లీ చెప్పాల్సి వచ్చింది. అది మా ఇద్దరి మధ్య మాట కాదు. రేవులో ఉన్న ప్రతి పడవలోనూ, మంచు ముక్కలు కొట్టే షెడ్డులోనూ, రేవు ఆఫీసులోనూ ఆ గొంతు వినిపిస్తుంది. నా పక్కన మేస్త్రీ ఉన్నాడు. పడవ ముక్కుకి దగ్గరవుతోంది.

"నాలుగేళ్ల కిందట పూలున్న చోటు నేను అబద్ధం రాశాను. వదిన మీద కుళ్లుతో రాశాను. దాన్ని నమ్మి ఆవిడ ఏటా ముప్పై ఎనిమిదికే పోతోంది. ఇవాళా అక్కడికే పోయింది. అక్కడే అంచు కూలింది. తిప్పండి, మీకు దణ్ణం పెడతాను, తిప్పండి."

తర్వాత మా ఆయన గొంతు, ఎవరో పరాయివాళ్లతో మాట్లాడినట్టు. "ముప్పై ఎనిమిది. ఇదన్నా నిజమేనా?"

"నిజమే."

తెల్లటి గీత వంగింది. పడవ తిరిగింది.

వాకీటాకీ మేస్త్రీకి తిరిగిచ్చాను. అతను దాన్ని నడుముకి తగిలించుకుని నాలుగడుగులు వేశాక, నా మొహం చూడకుండా అన్నాడు. "ఆ మాట గదిలోనే అనుంటే పాతిక నిమిషాలు మిగిలేవి కదమ్మా." అతను గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది.

ముప్పై ఆరు మలుపు తిరిగేసరికి రెండూ పాతిక. దారి అక్కడిదాకా బాగానే ఉంది. ముప్పై ఏడు దాటాక నేలలో వేలు దూరేంత పగుళ్లు. ముప్పై ఎనిమిదికి కాస్త ఇవతల మేస్త్రీ తాడు ఒక కొసని నేలలో నాటుకున్న ఓ రాయికి కట్టి, నన్ను అక్కడే ఆగమని, తను బోర్లా పడుకుని పాకుతూ ముందుకి పోయాడు. అలలు కింద రాళ్లని కొడుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. పేరు పెట్టి పిలవడానికి నాకు ధైర్యం చాల్లేదు. పిలిచి, జవాబు రాకపోతే?

అప్పుడు వినిపించింది. అలకీ అలకీ మధ్య, కిందనించి, క్లాసులో వినిపించినట్టే.

"నాలుగు వందల పన్నెండు. నాలుగు వందల పదమూడు."

"వదినా!"

"ఎవరూ? నువ్వా? అంచుకి రాకు! పెళ్లలు పెళ్లలుగా ఊడుతోంది. నా నెత్తిన పడతావు."

"ఏం చేస్తున్నారక్కడ?"

"నృత్యం చేస్తున్నా. కాలు విరిగింది, కూచున్నా. అలలు లెక్కపెడుతున్నా. మొదట పన్నెండు అలలకొకటి పాదం తడిపేది. తర్వాత ఎనిమిదికి. ఇప్పుడు మూడుకొకటి నడుం దాకా వస్తోంది. నీకు లెక్క తెలుస్తోందా మరదలా?"

తెలుస్తోంది. నాకు ఆ లెక్క బాగా తెలుస్తోంది.

మేస్త్రీ తాడు రెండో కొస కిందికి వదిలాడు. నడుముకి కట్టుకోమని అరిచాడు. పైకి లాగడానికి కాదు, లాగితే అంచంతా వస్తుంది, అల ఈడ్చుకుపోకుండా ఉండడానికి. తాడు ఒకసారి వదులైంది, ఒకసారి బిగిసింది. నేను ఆ రాయిని రెండు చేతులా కావిలించుకుని కూచున్నాను, అది ఊడొస్తే నేనాపగలిగినట్టు. లెక్క సాగుతూనే ఉంది. నాలుగు వందల నలభై. నలభై ఒకటి. ఓ పెద్ద అల కొట్టింది. లెక్క ఆగింది. మేస్త్రీ తల వంచి చూస్తున్నాడు. తర్వాత కింద ఎవరో దగ్గారు, ఉమ్మారు, "నాలుగు వందల నలభై రెండు" అన్నారు. నేను భోరుమన్నాను.

నీళ్లలోని రాళ్లు తప్పించుకుంటూ పడవ చాలా దూరం చుట్టు తిరిగి రావాల్సి వచ్చింది. ఇప్పటికి ఇంజను చప్పుడు దగ్గరకొచ్చింది. మా ఆయన పడవని రాళ్ల మధ్యకి తీసుకురావడం నేను చూడలేదు, మేస్త్రీ చెప్తుంటే విన్నాను. ఒకసారి దగ్గరకొచ్చి వెనక్కి పోయిందన్నాడు. రెండోసారి పడవ అంచు గట్టుకి తగిలిందన్నాడు. మూడోసారి, "తాడు కోసేశారు. ఎక్కించారు. ఎక్కించారమ్మా," అని వెల్లకిలా తిరిగి ఆకాశం వంక చూస్తూ పడుకున్నాడు. టైము చూసుకున్నాను, పావు తక్కువ మూడు. పడవ ముక్కు దాటిపోయి ఉంటే తిరిగొచ్చేసరికి అక్కడ గట్టూ ఉండేది కాదు, గట్టు మీద మనిషీ ఉండేది కాదు.

ముప్పై ఆరు దగ్గర పాత మెట్లున్నాయి. పడవ అక్కడికొచ్చి నన్నెక్కించుకుంది. వదిన అడుగున పడుకుని ఉంది, దుప్పట్లో చుట్టి. పెదాలు నల్లబడ్డాయి, ఎడమ పాదం ఉండాల్సిన వైపు కాకుండా మరో వైపు తిరిగి ఉంది. మా ఆయన చుక్కాని దగ్గర, నా వంక చూడకుండా. నేను వదిన పక్కన మోకాళ్ల మీద కూలబడ్డాను.

"వదినా, ఆ నలభై ఒకటి నేను..."

"రేడియోలో విన్నాడటగా వీడు. ఊరంతా విన్నారట. ఎంత పని చేశావే? నాలుగేళ్లు నా తమ్ముడికి తెలియకుండా కడుపులో దాచుకున్నాను, నువ్వు అయిదు నిమిషాల్లో పాడుచేశావు."

"మీకు తెలుసా?"

"మొదటి రోజే తెలిసింది. ముప్పై ఎనిమిది దగ్గర నీలికన్ను ఏదీ? గడ్డి ఉంది. మధ్యాహ్నందాకా వెతికితే నలభై నాలుగులో కనిపించాయి, నీ బండ వెనకాల. మంచి గుంపు. అసూయ కూడా వేసింది."

"మరి నాతో అనలేదేం?"

"నువ్వే అంటావని చూశాను. ఒక ఏడాది, రెండేళ్లు. నువ్వనలేదు. పుస్తకంలో తప్పు ఉంటే నాకు నిద్ర పట్టదు, తెలుసుగా. దిద్దితే నీ పరువు పోతుంది." ఆవిడ పళ్లు బిగించింది, నొప్పికో చలికో. "అదుగో, వెనక్కి తిరిగి చూడు."

తిరిగి చూశాను. రాళ్లు తప్పించుకుని లోతుకి పోవడానికి పడవ మళ్లీ ముప్పై ఎనిమిది ముందుకే వచ్చింది. ఎర్రటి మట్టి చెంప, దాని పాదాల దగ్గర నీళ్లు. సగం ఎత్తులో, కూలుతూ కూలుతూ రాతి మీద చిక్కుకుపోయిన మట్టిపెళ్ల ఒకటి, గడ్డితో సహా. ఆ గడ్డిలో నీలం చుక్కలు. కళ్లు నులుముకుని లెక్కపెట్టాను. ఏడు.

"తొమ్మిదుండాలి," అంది వదిన. "రెండు నాతో పాటే వచ్చాయి, అల పట్టుకుపోయింది. ఏటా నీ గుంపు దగ్గర రాలిన గింజలు నాలుగు తీసుకెళ్లి అక్కడ జల్లాను. నీళ్లు మోశాను. మొదటి మూడేళ్లు మొలక కూడా రాలేదు. ఈ ఏడాది పూశాయి. లెక్కపెడదామని వంగాను, కొండ జారింది."

రెండో సీసా ఎవరికో అప్పుడు తెలిసింది. ఒంటె అన్నాను నేను.

"అబద్ధం ఆడినా అతికినట్టుండాలే మరదలా," అంది ఆవిడ కళ్లు మూసుకుని. "నీకు చేతకాలేదు. నేను అతికించాను."

నేను ఆవిడ చల్లటి చేతులు పట్టుకుని ఏడ్చాను, చిన్నపిల్లలా, ముక్కు తుడుచుకోకుండా. మా ఆయన చుక్కాని వదలకుండా సముద్రం వంక చూస్తూ అన్నారు. "ఒకతి దొంగ లెక్క రాస్తుంది, ఇంకొకతి దాన్ని నిజం చెయ్యడానికి కొండ ఎక్కి చస్తుంది. మధ్యన నేనూ నా పడవా." తర్వాత మూడు రోజులు ఆయన నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు ఆసుపత్రికి డబ్బా సర్దుతుంటే, "అక్కకి ఉప్పు తగ్గించమన్నారు," అన్నారు.

డాక్టరు కాలులో రెండు మేకులు వేశారు. కొండదారి ఇక మర్చిపోమన్నారు. ఆవిడ ఆయన్ని ఎన్ని నెలలని అడిగి, చెప్పిన అంకెను సగానికి తగ్గించి నాతో చెప్పింది.

కొండ కూలిన మర్నాటినించే మా గదిలో కొత్త పద్ధతి పెట్టాను. రిజిస్టరుని సొరుగులో పెట్టి తాళం వేస్తాను, నా ఎదుట, నిజం అంకె రాయందే ఎవరినీ కదలనివ్వను. ఆ సాయంత్రమే పూల పుస్తకం తీశాను. నా నలభై నాలుగో రాయి గుంపుని, కట్టుబాటు ప్రకారం నలభై ఏడని, నాలుగేళ్లు ఆలస్యంగా రాసుకున్నాను. తర్వాత పాత పేజీ తిప్పి, నలభై ఒకటిని కొట్టేద్దామని వదిన ఎర్ర పెన్ను మూత తీశాను.

మూడు తీస్తే ముప్పై ఎనిమిది. అక్కడ నీలికన్నులు ఏడు ఉన్నాయి. అంకెలో దిద్దడానికేమీ లేదు.

పక్క గడిలో, మొదట చూసినవారు అన్న చోట నా పేరుంది. దాన్ని మాత్రం కొట్టేసి ఆవిడ పేరు రాశాను.